గోటి పరీక్ష

"ఈ ఇంజిన్ పని అయిపోనాది సార్. కొత్తది ఏసుకోవాల్సిందే," అన్నాడు ఫెలిక్స్.

హౌరా పక్కనున్న లిలువాలోని అతని మెకానిక్ షెడ్డులో కామేష్ కారు ఇంజిన్ విప్పి ఉంది. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో పగిలి, దాని ముక్కలు సిలిండర్లలోకి దూరాయి.

"కొత్తది రావడానికి మూడు నెలలట! సరిగ్గా చూడకుండానే ఎలా చెబుతావయ్యా?" అన్నాడు కామేష్.

"మా నాన్నని తీసేసినప్పుడు తమరేటి సూసినారు సార్?"

"ఎవరు మీ నాన్న?"

ఫెలిక్స్ మూలన స్టూలు మీద కూర్చున్న ముసలాయన్ని చూపించాడు. కామేష్ తెల్లబోయాడు. ఎనిమిదేళ్ల క్రితం హౌరా ఫ్యాక్టరీలో మేనేజరుగా ఆయన రాసింది ఒక్క ముక్కే: 'ఫిట్టర్ దయానందం చేతులు వణుకుతున్నాయి. పనికిరాడు.'

దయానందం లేచి వచ్చాడు. వణుకుతున్న వేలి గోటితోనే సిలిండర్ల లోపలి గోడలన్నీ నిమిరాడు. ముక్కలు గీసిన గీతకు గోరు తట్టుకుంటే ఇంజిన్ మార్చాల్సిందే.

"ఎక్కడా తట్టుకోలేదురా. బాగుసేయొచ్చు. నానే సేత్తాను."

"ఈయన కారు బాగుసేత్తావా? నీకేటి మతిపోనాదా నాన్నా?"

దయానందం పని వివరాలు రాసే జాబ్ కార్డు, పెన్ను తెచ్చి కామేష్ ముందు పెట్టాడు.

"అప్పుడు రాసినట్టే మీ సేత్తోనే రాయండి సార్. ఈ ఇంజిన్ దయానందం సేతులకే ఒప్పగిస్తన్నానని రాసి సంతకం పెట్టండి. లేదంటే బండి లాగించుకుపోండి."

చివరికి కామేష్ పెన్ను తీశాడు. మొదటి అక్షరమే వంకరపోయింది.

"కంగారు లేదు సార్, నిదానంగా రాయండి," అన్నాడు దయానందం. "వణికే సేతులతో కూడా పనవుద్ది."