దారం చుట్టిన బ్రష్షు

రంగేసిన బ్రష్షు కడక్కుండా వదిలేస్తే తెల్లారేసరికి కట్టె అయిపోతాది. డ్రమ్ములో నీళ్లు అయిపోయినాయని ఆ పొద్దు అట్నే వదిలేసి వచ్చేసినాం. మనసొప్పక, చీకటి పడినాక క్యానుతో నీళ్లు పట్టుకోని నేనూ, మా ఆయన విజయ్ కుమారూ మళ్లీ పోయినాం. అలిపిరి అవతల మేం రంగులేస్తా ఉండే, ఇంకా ఎవురూ కాపురం రాని కొత్తిల్లది. తాళం తీసింది నేనే.

డబ్బా మూత మీద రెండు బ్రష్షులు పెట్టి పోయింటి. ఇప్పుడొకటే ఉండాది, అదీ గోడ మేకుకు తలకిందులుగా వేలాడతా. ముట్టుకుంటే తడి. సబ్బు వాసన. కుచ్చు విచ్చుకోకుండా దారం గూడా చుట్టిండాది, అచ్చం నేను చుట్టినట్టే.

"నువ్వొచ్చి కడిగినావా?"

"నేనా? ఏ పొద్దన్నా కడిగినానా గ్రేసీ?"

అది నిజమే. అయినా నమ్మలేదు. ఇంకో తాళంచెవి ఎవురికిచ్చినాడో అని సెల్లు లైటు ఆయన మొగం మీదికి తిప్పినా. ఆయన నన్ను సూడ్డంలా. డ్రమ్ములోకి తొంగి సూస్తా ఉండాడు.

"ఒక్క చుక్క లేదు," అన్నాడు. "రెండో బ్రష్షు యాడ?"

మా వెనకాల ఎవురో బ్రష్షు విదిలించిన చప్పుడు.

నా మెడ మీద సబ్బు నీళ్లు పడినాయి.