రాజు చేతిలో కత్తి

"అయిదు నిమిషాల్లో రాజుగారిని కదిలించినోళ్లకు కుట్టుమిషను!"

మేనేజరు మైకులో గొంతు చించుకుంటున్నాడు.

జగిత్యాల ఎగ్జిబిషన్‌లో థర్మాకోల్ కోట కట్టి, రాజుల కాలంనాటి సంత పెట్టారు. కోట ముందు కిరీటం, పెట్టుడు గడ్డంతో ఒకాయన కత్తి పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు.

కొండగట్టులో మొక్కు తీర్చుకుని వస్తున్న గంగారాం కుటుంబం అక్కడే ఆగిపోయింది. సిరిసిల్లలో ఇంటినిండా దిగులు చూడలేక మొగిలవ్వే కొడుకునీ కోడలినీ మనవరాలినీ బయలుదేరదీసింది.

ముందు మనవరాలు వెక్కిరించింది. రాజు కదల్లేదు.

మొగిలవ్వ కొంగు దోపింది.

"ఏం రాజువయ్య! రాణి బువ్వ పెట్టలేదా? గట్ల గుడ్లు మిటకరిస్తున్నవ్?"

జనం పగలబడి నవ్వారు. రాజు మీసం కూడా కదల్లేదు.

"ఆఖరి నిమిషం!" అన్నాడు మేనేజరు.

ఈసారి కోడలు రజని ముందుకొచ్చింది. నవ్వించడం ఆమెకు చేతకాదు. రాజు వెనకాల నిలబడ్డ గంగారాంను చూసి, గొంతు రానివ్వకుండా పెదవులు మాత్రం కదిపింది. సాంచెలంటే మరమగ్గాలు; వాటి చప్పుడులో మాట వినపడదు. మగ్గం నడిపే గంగారాం, పక్కన కండెలు చుట్టే రజని పన్నెండేళ్లుగా అలాగే మాట్లాడుకుంటారు.

'రెండు నెలల సంది సాంచెలు బంద్. గీ మిషనన్న దొరికితె బిడ్డకు ఇంత బువ్వ పెట్టుకుందుం.'

ఇంతమందిలో ఆ మాట తన భర్తకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది.

రాజు చేతిలో కత్తి ఠంగుమని కింద పడింది.

"కదిలిండు! కదిలిండు!" మొగిలవ్వ గంతేసింది.

మిషను చేతికొచ్చాక రజని గుండెల మీద బరువు దిగింది. ఎన్నాళ్లకో గంగారాం నవ్వాడు.

మేనేజరు మాత్రం రాజు మీద మండిపడ్డాడు.

"అయిదు నిమిషాలు నిలబడరాదా? రేపటి సంది రాకు!"

"కత్తి సుత పట్టరాదు, రాజట రాజు!" అంది మొగిలవ్వ. రజనికీ నవ్వాగలేదు.

మిషనుతో సహా ఆటో ఎక్కారు. ఆటో కదిలాక రజని ఎందుకో వెనక్కి చూసింది.

గేటు దగ్గర రాజు. కిరీటం చంకలో ఉంది, గడ్డం చేతిలో ఉంది. ఆమెనే చూస్తూ, గొంతు రానివ్వకుండా పెదవులు మాత్రం కదిపాడు.

'మంచిగ కుట్టుకో చెల్లె. మా సాంచెలు బందైతెనే నేను సుత గీ రాజేషం కట్టిన.'