మూడడుగుల సందు

పదహారో బల్ల దాటేసరికే ఎగ్జామినర్‌కి ఓపిక నశించింది.

ఆయన రిటైరైన చీఫ్ ఇంజనీరు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో బీదాబిక్కీ కోసం పద్ధెనిమిది కాలనీలు కట్టించిన మనిషి. ఫైనలియర్ సివిల్ పిల్లల ప్రాజెక్టులు చూసి మార్కులు వెయ్యమని కాలేజీవాళ్ళు కారు పంపి మరీ పిలిపించారు. ఈ ఏడాది అంశం ‘పర్యావరణానికి హాని చెయ్యని సామాన్యుడి ఇల్లు’.

హాలంతా జిగురు కంపు. ఎటు చూసినా థర్మోకోల్ మేడలు, రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు అద్దిన తోటలు, అగ్గిపెట్టెంత సోలార్ పలకలు. ఒకడు పదో అంతస్తులో చెరువు పెట్టాడు. ఇంకొకడు వెదురుతో వంతెన కట్టాడు గానీ, అది దేని మీద నిలబడిందో చెప్పమంటే పక్కవాడి మొహం చూశాడు. నోరు తెరిస్తే చాలు, అందరిదీ ఒకటే పాట. సస్టైనబుల్, సస్టైనబుల్.

“ఆ మాట ఇంకొక్కరన్నారంటే నేను లేచిపోతా,” అన్నాడాయన.

పక్కనే నడుస్తున్న హెచ్.ఓ.డి. నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు.

చివరి బల్ల మీద అసలు మోడలే లేదు. కాగితాల చుట్ట ఒకటి విప్పి పరిచి ఉంది, అంతే. దాని వెనక నూనె రాసి బిగించి జడ వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది.

“మోడలేదీ?”

“లేదు సార్. ప్లానే. ముందు ఈ షీటు ఏమిటంటే...”

“ప్లాను చదవడం నాకొచ్చమ్మా. అడిగినదానికి చెప్పు చాలు.”

చేతిలో టీకప్పు షీటు మూలనున్న పేరు, తేదీల గడి మీద పెట్టి వంగాడాయన. ఆ అమ్మాయి కప్పు వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది.

“ఎన్ని ఇళ్ళు?”

“నూట నలభై నాలుగు సార్. నాలుగంతస్తులు.”

“బాత్రూం కిటికీ ఎటు?”

“సందులోకి సార్. మూడడుగుల సందు.”

“వంటింటి కిటికీ?”

“అదే సందులోకి.”

ఆయన ముక్కు చిట్లించాడు. “నాలుగంతస్తుల బాత్రూముల కంపు, నాలుగంతస్తుల వంటిళ్ళలోకి! ఇక్కడ వండింది ఎవరికైనా నోట్లోకి పోతుందా?”

“ఎండెక్కితే పోదు సార్. తెల్లారేలోపే వండుకుని కిటికీ మూసేసుకోవాలి.”

“ఓహో! అది కూడా ఆలోచించావన్నమాట.”

ఆయన వేలు ఇంకాస్త కిందికి జరిగి ఠక్కున ఆగింది. “సెప్టిక్ ట్యాంకు గుమ్మం ముందా? వానొస్తే?”

“పొంగుతుంది సార్. రెండో మెట్టు దాకా. పిల్లల్ని చంకనేసుకుని దాటించాలి.”

“లెక్క కట్టావా?”

“లెక్క కట్టలేదు సార్.”

“మరి నోటికొచ్చింది చెప్పడమేనా?”

హెచ్.ఓ.డి. తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

“సరే. మంచాన పడ్డ మనిషిని కిందికి దించాలనుకో. ఈ మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరుగుతుందా?”

“తిరగదు సార్. కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటితో కట్టి దించాలి.” ఆమె మెట్ల మలుపు మీద వేలు ఆనించింది. “చనిపోయినవాళ్ళనైనా అంతే.”

ఆయన తలెత్తి ఆ అమ్మాయిని ఎగాదిగా చూశాడు. ఎంత చల్లగా చెబుతోంది! మిగతావాళ్ళకి బుర్ర లేదు, పోనీలే అనుకోవచ్చు. దీనికి మనసే లేదు.

“పందులు కూడా ఉండవమ్మా ఇందులో. సిగ్గనిపించలేదూ?”

“అనిపించింది సార్. చాలాసార్లు.”

“సార్, బాగా చదివే పిల్లే. ఈ ఒక్కసారికి...” హెచ్.ఓ.డి. నసిగాడు.

“మీరుండండి. ఇలాంటివాళ్ళే రేపు కుర్చీల్లో కూర్చుని వందల కుటుంబాల నెత్తిన ఇవే రుద్దుతారు. గీసినవాళ్ళు అందులో ఉండరుగా! వాళ్ళకేం పోయింది?”

ఎర్ర పెన్ను తీశాడాయన. మార్కుల పట్టీలో సున్నా చుట్టాడు. అంతటితో కసి తీరలేదు. షీటు మీద ఈ చివర నుంచి ఆ చివరికి, కాగితం చిరిగేంత గట్టిగా రాశాడు: ‘మనుషుల నివాసానికి ఏ విధంగానూ పనికిరాదు.’

ఆ అమ్మాయి షీటుని ఆయన వైపు ఇంకాస్త జరిపింది.

“సంతకం, తేదీ కూడా వెయ్యండి సార్.”

“ఎంత పొగరు!” పళ్ళు కొరుకుతూ సంతకం గిలికాడు. తేదీ వేశాడు. కింద తన పాత హోదా కూడా పొల్లు పోకుండా రాశాడు. “ఇంద. ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకో.”

ఆమె సిరా ఆరేదాకా ఊదింది. కప్పు తీసి పక్కన పెట్టి, షీటుని నెమ్మదిగా చుట్టి, రెండు చేతులతో గుండెకి హత్తుకుంది. అప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇప్పుడేడిస్తే ఏం లాభం?” అన్నాడాయన చీదరగా.

“నా డిజైను బల్ల మీదున్న ఆ రెండో షీటు సార్,” అంది ఆ అమ్మాయి, “ఇది మాత్రం, మనుషులు నిక్షేపంగా ఉండొచ్చని పదకొండేళ్ళ కిందట మీరు సంతకం పెట్టి మాకిచ్చిన ఇల్లు.”