రెండో ముక్క

“మళ్లా సూదా? నేను చేపిచ్చుకోను డాక్టరమ్మా!” భూలక్ష్మి కుడి మోకాలిని రెండు చేతులతో కప్పేసుకుంది.

డాక్టర్ శాంతకు ఓపిక నశిస్తోంది. జూబ్లీహిల్స్‌లోని ఆ ఆసుపత్రిలో కీళ్లవాతానికి ఓ కొత్త మందును పరీక్షిస్తున్నారు. మందు మొదలుపెట్టే ముందు మోకాలి లోపలి పొర నుంచి బియ్యపు గింజంత ముక్క తీస్తారు. ఆరు నెలలు మాత్రలు వాడాక మళ్లీ తీస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మందు సంగతి తేలిపోతుంది.

“మత్తు సూది వేశాకే కదమ్మా తీసేది! పోయినసారి కిక్కురుమనలేదు మీరు.”

“గప్పుడు గప్పుడే. గిప్పుడొద్దు.”

“వాపు తగ్గకపోగా ఇంకా పెరిగింది. లిఫ్టు పనిచేయక, మూడంతస్తులూ మిమ్మల్ని మంజులత దాదాపు మోసుకొచ్చింది. ఎందుకు తగ్గలేదో నాకు తెలియొద్దా?”

మంజులత తలుపు బయట బల్ల మీద కూర్చుంది. రహమత్ నగర్‌లో భూలక్ష్మి పక్కగదిలో కిరాయికుంటుంది. భూలక్ష్మి ఒకసారి అటు చూసి, తల దించుకుంది.

“ఆ ముక్కల ఏమేం కనవడ్తది?”

“అన్నీ కనబడతాయి.”

భూలక్ష్మి మొహం పాలిపోయింది. భయపడుతోందనుకుని శాంత కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

“ఒక మాట చెబుతాను, వినండి. ఇప్పటిదాకా సగం మందికి తగ్గింది, సగం మందికి తగ్గలేదు. ఆఖరి మనిషి మీరే. మీకూ తగ్గలేదంటే ఈ మందు పక్కన పెట్టేస్తారు. నా నాలుగేళ్ల కష్టం పోతే పోనీ. దీని మీదే ఆశ పెట్టుకున్నవాళ్లు ఎంతమందో!”

“పక్కకు పెడ్తరా? మొత్తానికే?”

“మొత్తానికే. రేపే రాసి పంపాలి.”

భూలక్ష్మికి ఏడుపొచ్చినంత పనైంది. నిజం చెబితే మళ్లీ ఈ గడప తొక్కనివ్వరు, తన కాలు ఇక ఇంతే. చెప్పకపోతే మందే ఉండదు. కాసేపు చీర కొంగు నలిపింది. తర్వాత మోకాలి మీంచి చేతులు తీసేసింది.

“అట్ల రాయకుండ్రి డాక్టరమ్మా. మందుది తప్పు లేదు. నేను ఒక్క గోలీ గూడ మింగలే.”

శాంతకు కోపం ముంచుకొచ్చింది. “ఆరు నెలల మాత్రలు! ఏం చేశారు వాటిని?”

“ఇంకొకామెకిచ్చిన. ఆమెకు గూడ గిదే రోగం. మీ దగ్గరికొస్తే జాగ లేదన్నరట. నాది ఫిల్మ్‌నగర్‌ల కూసోని సినిమా బట్టలకు అద్దాలు కుట్టే పని, ఎట్లనో గడుస్తది. ఆమెది సినిమా పాటలల్ల డాన్సులు ఎగిరే పని. గప్పుడు మంచం గూడ దిగకపోయేది.”

“ఎవరామె? ఇప్పుడెలా ఉంది?”

“నన్ను మూడంతస్తులు మోసుకొచ్చిందే, ఆమెనే.”