ఆనవాళ్లు

"కొంగు ముడి విప్పు" అంది ప్రేమలత.

పూలమ్మ విప్పింది. రెండు వక్కలు, ఆటోకి దాచుకున్న చిల్లర, మడతలు పడ్డ మందుల చీటీ వంటింటి గట్టు మీద పడ్డాయి. గొలుసు పడలేదు. ప్రేమలత ఆమె సంచి దులిపింది, అన్నం డబ్బా మూత తీసి చూసింది, చివరికి కొప్పు కూడా విప్పించింది. ఏడేళ్లుగా ఆ ఇంట్లో అంట్లు తోముతున్న యాభై ఏళ్ల మనిషి, జుట్టు విరబోసుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

సరిగ్గా అప్పుడే హాల్లో ప్రేమలత భర్త, కార్పొరేటర్ సారంగపాణి, అరడజను మైకుల ముందు కూర్చుని చట్టం గురించి చెబుతున్నాడు. మంగళవారం సాయంత్రం వార్డు ఆఫీసులో ఆయన తలుపు మూసి తన మీద చెయ్యి వేశాడని, అక్కడ కంప్యూటర్ పని చేసే రమ అనే అమ్మాయి కేసు పెట్టింది. మూడు రోజులుగా మడికొండలో ఇదే ముచ్చట.

"ఆ సాయంత్రం నేను ఆ ఆఫీసు గడపే తొక్కలేదు. నేరం రుజువయ్యేదాకా ఎవరైనా నిర్దోషే. రుజువు లేకుండా మనిషిని దొంగను చూసినట్టు చూస్తే వాడి పరువేం కావాలి?" అంటున్నాడు. గొంతు కూడా వణికించాడు. మాట మంచిదే. ఏ మనిషికైనా దక్కాల్సిన మాటే. కాకపోతే అది హాలు నుంచి వంటింటి దాకా ఆ పది అడుగులు రాలేకపోయింది.

పోయింది ఆయన మెడలోని రుద్రాక్షల గొలుసు. చొక్కా లోపల వేసుకునేది, బయటివాళ్లెవరూ ఎరగనిది. మెడ బోసిగా ఉందేమని పొద్దున ప్రేమలత అడిగితే, స్నానానికి పోతూ అద్దం దగ్గర పెట్టాననీ, ఎప్పుడు పోయిందో చూసుకోలేదనీ అన్నాడు. బాత్రూం కడిగేది పూలమ్మ. అంతే, విచారణ అయిపోయింది, తీర్పూ అయిపోయింది.

తాను తియ్యలేదని పూలమ్మ పదోసారి చెప్పింది. పదోసారి కూడా ప్రేమలత వినలేదు.

విలేకరులు వెళ్లాక సారంగపాణి లోపలికి వచ్చాడు. పోలీసులకు చెబుదామని భార్య అనగానే ముఖం మాడ్చుకున్నాడు. ఇప్పటికే పరువు బజారున పడింది, ఇంకో గొడవ వద్దు, గొలుసు పోతే పోయింది, ఆమెను పని మాన్పించి పంపెయ్ అన్నాడు. అన్నం పెట్టినవాడి మనసు ఎంత గొప్పదో చూడమని ప్రేమలత పూలమ్మకే చెప్పింది. ఇంతలో లాయరు ఫోన్ చేస్తే ఆ గొప్ప మనసు కారెక్కి హనుమకొండ వెళ్లిపోయింది.

"సారు దయ తలిచిండు. నడువు ఇగ" అంది ప్రేమలత. "కాలనీల నిన్నెవరూ పనికి పెట్టుకోకుండ గ్రూపుల మెసేజ్ పెడ్త."

పూలమ్మ కదల్లేదు. ఆ కాలనీలో ఆమె ఆరిళ్లలో చేస్తుంది. ఒక్క మెసేజ్ పోతే ఆరు తలుపులూ మూసుకుంటాయి. భయం వేయాల్సిందే. కానీ ఆమెకు ఒళ్లు మండింది. జుట్టు గట్టిగా ముడి వేసుకుంది.

"ఇందాక సారు చెప్పిన మాట నాకు పడదా అమ్మా? రుజువయ్యేదాంక ఎవలూ దోషి కాదన్నడు. ఈడ నిలబడే విన్న. దొంగ అన్న పేరు మోసుకొని నేను పోను. పా, స్టేషన్‌కు పోదాం. రుజువు చెయ్యి."

అంట్లు తోమే మనిషి చట్టం మాట్లాడేసరికి ప్రేమలతకు అరికాలి మంట నెత్తికెక్కింది. భర్త వద్దన్న సంగతే మరిచి ఆటో పిలిచింది. స్టేషన్ మెట్ల దగ్గర ఆమే ఒక్క క్షణం తటపటాయించింది. పూలమ్మ ముందు నడిచింది.

ఎస్సై ఇమాం పాషా ఫిర్యాదు చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. గొలుసు ఆనవాళ్లు వివరంగా రాయమన్నాడు. ప్రేమలత ఏదీ వదల్లేదు. యాభై నాలుగు రుద్రాక్షలు, ఒక్కోదానికి బంగారు తొడుగు, కొక్కెం విరిగితే మట్టెవాడలో నగలు చేసే అవుసలాయన చేత చుట్టించిన వెండి తీగ.

"చూస్తే మీ ఆయనదే అని గుర్తుపడ్తరా మేడమ్?"

"వందల్ల కలిపినా గుర్తుపడ్త. పన్నెండేండ్ల సంది ఆయన మెడల చూస్తున్న. ఈమెను లోపలేసి నాలుగు తగిలియ్యున్రి సార్, అదే బయటపడ్తది."

ఇమాం పాషా కాగితం ఆమె ముందుకు జరిపి సంతకం చేయమన్నాడు. ఆమె సంతకం చేసి కింద గీత కూడా గీసింది. తర్వాత ఆయన పూలమ్మకు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. దొంగకు కుర్చీ వేసి మర్యాద చేస్తారా అని ప్రేమలత ఆయన మీదకు లేచింది.

ఎస్సై బీరువా తెరిచి ఒక ఫైలు తీశాడు. అందులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. తెగిన రుద్రాక్షల గొలుసు. కొక్కెం దగ్గర వెండి తీగ.

"ఇదే, ఇదే మాది" అంది ప్రేమలత, పూలమ్మ వైపు గెలిచినట్టు చూస్తూ. "ఎక్కడ అమ్ముతుంటే పట్టుకున్నరు సార్?"

"ఎవలూ అమ్మలే మేడమ్. మంగళవారం సాయంత్రం వార్డు ఆఫీసుల పెనుగులాడితే తెగి రమ చేతిల మిగిలిన గొలుసు ఇది, ఎవరిదో రుజువు చేసేటోళ్లు దొరకకనే మేం ఇన్ని రోజులు ఆగినం."