హైదరాబాదు నుంచి ఫోను

“ఏమని చెప్తవు? మళ్ళొకసారి చెప్పు” అన్నాడు విజేందర్.

“డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా పనిచేస్తున్న సార్” అంది మమత.

“చేస్తున్న కాదు, చేస్తున్నాను. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?”

విజేందర్ నడిపే కంప్యూటర్ శిక్షణ కేంద్రం చిట్యాలలో హైవే పక్కన, టైర్ల దుకాణం పైన ఉంది. ప్రభుత్వ పథకం కింద పల్లెల పిల్లలకు అక్కడ ఉచితంగా నేర్పుతారు. నేర్చుకున్నవాళ్ళకు ఉద్యోగం వచ్చిందో లేదో హైదరాబాదు ఆఫీసు వాళ్ళు నేరుగా ఫోన్ చేసి కనుక్కుంటారు. వచ్చిందంటేనే కేంద్రానికి కొత్త బ్యాచ్ ఇస్తారు.

“నేను పత్తి ఏరవోతున్న గద సార్” అంది మమత.

“గా ముచ్చట వాళ్ళకెందుకు? నేను పంపే నంబర్లకు ఫోన్ వస్తది. ఎత్తాలె, నౌకరి చేస్తున్నానని చెప్పాలె, పెట్టేయాలె. దేశం ప్రపంచంతోని పోటీ పడ్తాంది. నువ్వు గీ ఒక్క మాట అనలేవా?”

“అబద్ధం చెప్పి గెలిపియ్యాల్నా సార్ దేశాన్ని?”

పక్క కుర్చీలో ఉన్న మనీష నవ్వు ఆపుకుంది. విజేందర్ నవ్వలేదు.

మమత, మనీష ఒకే బ్యాచ్. కోర్సు అయ్యాక విజేందర్ వాళ్ళను హైదరాబాదు తీసుకుపోయాడు. కంప్యూటర్ ముందు కూర్చోబెడతారన్నాడు. గోదాములో అట్టపెట్టెలకు టేపులు వేయించారు. నెల తిరక్కముందే ఇద్దరూ ఇంటికి వచ్చేశారు. ఆ వెంటే విజేందర్ మమత ఊరు కేతేపల్లి వచ్చి ఆమె తండ్రి జానయ్యను కలిశాడు.

“నేను మంచి నౌకరి ఇప్పించిన. మీ బిడ్డనే ఉండలేక వచ్చింది” అన్నాడు.

జానయ్య నమ్మాడు. కేంద్రం ముందు కట్టిన ఫ్లెక్సీ మీద ‘ఉద్యోగం సాధించిన మన ఆణిముత్యాలు’ అన్న అక్షరాల కింద మమత ఫొటో ఉంది. చెల్లెలు అక్షిత కూడా నమ్మింది.

“నేను డిగ్రీ బంద్ చేస్తున్న. సర్టిఫికెట్లు తెచ్చుకొని సోమవారం విజేందర్ సార్ దగ్గర చేరుత” అంది అక్షిత, అన్నం తింటూ.

“వద్దే. ఆడ ఏం లేదు. పెట్టెలకు టేపులు ఏపిస్తరు” అంది మమత.

“నీతోని కాలే. నాతోని గూడ కాదంటవా?”

“ఒక్కసారి సర్టిఫికెట్లు తీసుకుంటే కాలేజీల మళ్ళ సీటియ్యరు. నా మాట విను.”

“గంత అబద్ధమైతే ఫ్లెక్సీ మీద నీ ఫొటో ఎందుకు ఉంచుకున్నవు? తీసేయమనకపోయినవా?”

తల్లి నర్సింగమ్మ కూర గిన్నె మధ్యలోకి జరిపింది.

“పెద్దది చెడగొట్టుకున్నది. చిన్నదాన్నన్న బాగుపడనియ్యి” అంది.

ఆఫీసు వాళ్ళు వచ్చి తేలిస్తే తప్ప ఇంట్లో తన మాట నమ్మరని మమతకు అర్థమైంది. మనీషకు ఫోన్ చేసింది.

“హైదరాబాదు నుంచి ఫోన్ వస్తే నేను ఉన్నదున్నట్టు చెప్త. నువ్వు?”

“నేను గూడ చెప్త” అంది మనీష.

శుక్రవారం పొద్దున మమత పత్తిచేనులో ఉండగా ఫోన్ మోగింది.

“నమస్కారమండీ. హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. శిక్షణ తర్వాత మీకు ఉద్యోగం వచ్చిందా?”

“డేటా ఎంట్రీ...” అని ఆగింది మమత. “లేదు మేడం. రాలే. పత్తి ఏరుతున్న.”

అటువైపు గొంతులో యాస మారింది.

“భయపడకు చెల్లె. నాది గూడ దేవరకొండ దిక్కే. ఏమైందో అంత చెప్పు.”

మమత ఒడిలోని పత్తి దించి గట్టు మీద కూర్చుంది. గోదాము గురించి చెప్పింది. ఫ్లెక్సీ గురించి, అమ్మ అన్న మాట గురించి చెప్పింది. చెప్తూ ఏడ్చింది. అటువైపు ఆమె ఓపికగా విన్నది.

“ఒక్కదాని మాటంటే మా పైవాళ్ళు నమ్మరు చెల్లె. నీ లెక్క నిజం చెప్పెటోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా?”

“మనీష ఉన్నది మేడం.”

“ఇంకెవరు లేరా?”

“మిగతోళ్ళు సార్‌కు భయపడ్తున్నరు.”

“సరే. సోమవారం మా ఆఫీసర్లు సెంటర్‌కు వస్తరు. అప్పటిదాంక ఇంట్ల గూడ అనకు. ముచ్చట బయటపడితే వాళ్ళు అన్నీ సర్దుకుంటరు.”

“మా చెల్లె సర్టిఫికెట్లు తెచ్చుకుంటానికి ఇయ్యాల్నే కాలేజీకి పోతాంది మేడం.”

“పోనియ్యి. ఆఫీసర్లు వచ్చినంక సీటు మళ్ళ మేమే ఇప్పిస్తం.”

“నిజంగనా?”

“అక్క మీద నమ్మకం లేదా?”

“ఉన్నది అక్కా.”

మమత చున్నీతో కళ్ళు తుడుచుకుంది. సంచి భుజాన వేసుకొని అక్షిత బస్సు కోసం బాట మీద పోతోంది. ఇంట్లో చెప్పినట్టే చేనులోంచి కూడా వద్దని అరుస్తుందనుకుందో ఏమో, తల తిప్పకుండా నడుస్తోంది.

“జర జాగ్రత్తగ పోయి రా” అని చెయ్యి ఊపింది మమత.

అవతల, చిట్యాలలో టైర్ల దుకాణం పైన, ఆమె ఫోన్ పక్కన పెట్టి కుర్చీ వెనక్కి తిప్పింది.

“హైదరాబాదుకు ఈ ఇద్దరి నంబర్లు మార్చి పంపుండ్రి, విజేందర్ సార్.”