రాణి వేషం

"మోకాలి మీద వంగండి, రాణీగారూ! రాజముద్ర పుచ్చుకునేటప్పుడు వంగాలి!" నాగేంద్రప్రసాద్ కేకేశాడు.

శేషుకుమారి వంగింది. రాజు వేషం వేస్తున్న సత్యనారాయణమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"దేవీ! నేను ఫ్రాన్సు మీదికి యుద్ధానికి వెళుతున్నాను. తిరిగి వచ్చేదాకా ఈ ఇంగ్లండు నీది. నీ మాటే నా మాట. నీ ఆజ్ఞే నా ఆజ్ఞ. ఇదిగో రాజముద్ర!"

రాజముద్ర అంటే మత్రా సూక్‌లో, అదే ఇక్కడి అరబ్బుల బజారులో, కొన్న ఇత్తడి కాఫీ కూజా మూత. అయినా దాన్ని ఎర్ర ముఖమల్ గుడ్డలో పెట్టి అందిస్తుంటే హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. నాటకంలో అలా నిలబడాలని ఉంది మరి.

రాణి వెనకాల విసనకర్ర పట్టుకుని నిలబడ్డ శ్యామలాదేవికి మాత్రం ఒళ్లు మండిపోయింది.

మండదూ? డెబ్బై రెండులో, సరైన రోడ్డయినా లేనప్పుడు, మత్రాలో మొట్టమొదట కాపురం పెట్టిన తెలుగు ఇల్లాలు తను. పండగొస్తే ఇక్కడి తెలుగువాళ్లందరికీ పులిహోర కలిపేది తను. ఈ రిహార్సల్స్ జరుగుతున్నదీ తన ఇంట్లోనే. నిన్నగాక మొన్న హైదరాబాదు నుంచి దిగిన శేషుకుమారేమో రాణి. తనేమో చెలికత్తె. ఒక్క మాటైనా లేని చెలికత్తె!

పోనీ, ఈ నాటకం రాసి ఆడిస్తున్నవాడు పరాయివాడా అంటే కాదు. సాక్షాత్తూ తన మొగుడు నాగేంద్రప్రసాద్.

ఉగాదికి తమ కంపెనీ ఇంగ్లీషు మేనేజరు ముఖ్య అతిథిగా వస్తున్నాడని ఆయన నాలుగైదు వందల ఏళ్ల కిందటి ట్యూడర్ వంశపు ఇంగ్లండు రాజు కథ ఎత్తుకున్నాడు. ఎవరి పోర్షన్ వాళ్లకే రాసిస్తాడు. మొదటి అంకం కుదిరితే గాని రెండో అంకంలో ఏముందో చెప్పడు. ముందే తెలిస్తే మొహాల్లో భావం చచ్చిపోతుందట.

"శ్యామలా! రాజుగారి చేతి తొడుగు కింద పడుతుంది. నువ్వు తీసి ఇవ్వాలి. మెల్లగా తలెత్తి ఆయన్ని చూడాలి."

తీసి ఇచ్చింది.

"అలా మొహాన కొట్టినట్టు కాదు! మళ్లీ."

అందరి ముందూ పనిమనిషిలా వంగి వంగి ఆ తొడుగు తీసేసరికి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవతల శేషుకుమారి కాఫీ కూజా మూతని గుండెలకి హత్తుకుని మురిసిపోతోంది. దాన్ని లాక్కుని కిటికీలోంచి సముద్రంలోకి గిరాటెయ్యాలనిపించింది.

అందరూ వెళ్లాక మొగుణ్ణి నిలదీసింది.

"ఏవండీ, నేను రాణి వేషానికి పనికిరానా?"

"పనికిరావని ఎవరన్నారు?"

"మరి ఆ పిల్లలో ఏం చూశారు?"

"ఈ రాణికి కొంచెం అమాయకత్వం కావాలి. అది ఆవిడ మొహంలో ఉంది. నీకు ఆకుపచ్చ పట్టు గౌను కుట్టిస్తున్నానుగా, ఇంకేం?"

"రాణి గౌనుకి కత్తిరించగా మిగిలిన ముక్కేనా?"

"అమ్మా తల్లీ! రెండో అంకం దాకా ఓపిక పట్టు."

"అందులో ఏం చేయిస్తారు? అంట్లు తోమిస్తారా?"

ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. పప్పులో ఉప్పు లేదు. ఆయన చొక్కాలకి ఇస్త్రీ లేదు. దారిన పోతూ శేషుకుమారి "బాగున్నారా అక్కయ్యగారూ?" అని పలకరిస్తే, అది కూడా రాణీగారి దర్పంలాగే వినిపించింది.

శుక్రవారం అందరూ రిహార్సల్‌కి వచ్చారు. శ్యామలాదేవి విసనకర్ర తెచ్చి శేషుకుమారి ఒళ్లో పెట్టింది.

"ఏమీ అనుకోకమ్మా. ఇది నువ్వు పట్టుకో. రాణి నేను వేస్తాను. మాటలన్నీ నాకు వచ్చు."

 శేషుకుమారి మొహం చిన్నబోయింది. పాపం, అద్దం ముందు నిలబడి నేర్చుకున్న మాటలాయె. అయినా తమాయించుకుంది.

"అలాగే అక్కయ్యగారూ. ఈ ఊరొచ్చిన కొత్తలో అన్నం పెట్టింది మీరు. మీకన్నా నాకు వేషం ఎక్కువా?"

నాగేంద్రప్రసాద్ కంగారుగా ముందుకొచ్చాడు. "శ్యామలా, తొందరపడకు. నా మాట విను, రెండో అంకంలో..."

"ఇంకొక్క మాట మాట్లాడితే నా మీద ఒట్టే! ఉగాది వెళ్లేదాకా ఈ వేషాలు మళ్లీ మారకూడదు. అందరి ముందూ నా తల మీద చెయ్యేసి చెప్పండి."

ఆయన భార్య వంక చూశాడు. మూర్తిగారి వంక చూశాడు. ఉప్పులేని పప్పు గుర్తొచ్చిందో ఏమో, ఆవిడ తల మీద చెయ్యేశాడు.

"సరే. ఒట్టు."

రిహార్సల్ మొదలైంది. శ్యామలాదేవి మోకాలి మీద వంగింది. రాజుగారు ఇంగ్లండంతా ఆవిడ చేతిలో పెట్టారు. అందరూ లేచి నిలబడ్డారు. వెనక శేషుకుమారి కిందపడ్డ తొడుగు తీసి, మెల్లగా తలెత్తి రాజుని చూసింది. శ్యామలాదేవి అటు చూడనైనా లేదు. కాఫీ కూజా మూత బరువు చేతికి ఎంత హాయిగా ఉందో! ఎన్నాళ్ల మంటో చల్లారిపోయింది.

"బ్రహ్మాండం!" అంటూ నాగేంద్రప్రసాద్ చప్పట్లు కొట్టాడు. "ఇక రెండో అంకం. రాజుగారు యుద్ధం నుంచి తిరిగి వచ్చారు."

"ఏవండీ, నేనెక్కడ నిలబడాలి? సింహాసనం పక్కనేనా?"

"ఆ ముద్ర ఇటిచ్చేసి నువ్వలా బయటికి నడు శ్యామలా, రాజుగారు నిన్ను వదిలేసి ఈ చెలికత్తెని పెళ్లాడి పట్టపురాణిని చేసేది ఈ అంకంలోనే."